ఆర్తులగు సోదరీమణులకు మన కర్తవ్యము

పదేండ్ల క్రిందటి మాట. వానకాలము, నాట్లు సాగుచుండెను. మా పెద్దవూరలో నొకనాడు ప్రొద్దు గ్రుంకిన పిదప మా వెనుక వీథి యిల్లాలొకతె వచ్చి మా వసారా మెట్టుపై కూర్చుండెను. పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టి యుండెను. ఏమమ్మా యని యడిగిన బదులు చెప్పక కొంచెము పసుపిమ్మనెను. పసుపద్ది, మంచినీళ్ళిచ్చి, పెద్దల నోట విన్న మాటనే మేమును జెప్పితిమి: “ఓర్చుకొనుమమ్మా! పిల్లల ముఖము చూచి యోర్చుకొనుము. కాపురమన్న పిదప కష్టసుఖములు తప్పవు.” ఆమె తల వంచుకొని విని, చెంగుతో పెదవి కప్పుకొని వెడలిపోయెను. ఆ వానకాలము ముగియులోగా మఱి రెండు మారులు వచ్చెను. అదే పసుపు, అదే మాట. తరువాత నామె రాక మానెను. బాధ తీఱినది కాబోలునని మేము సంతసించితిమి.

అది మా యవివేకము. ఆమె రాక మానుటకు గారణము బాధ తీఱుట గాదు; మా గడప వలన ప్రయోజనము లేదని తెలిసికొనుట. కొన్నాళ్ళకు ముంజేతి యెముక విఱిగి యామె పుట్టినింటికి జేరెను. రెండేండ్ల పిమ్మట సంతలో నగపడినపుడు మేమే పలుకరించితిమి. ఆమె నవ్వి, నిష్ఠురము లేకయే యిట్లనెను: “పంతులమ్మా, ఆ పొద్దు ‘నీ తప్పు గాదు’ అని మీరొక్క మాటంటే సాలుండె గద!”

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. మేము చేసిన పొరబాటు మా సోదరీమణులలో మఱియొకరు చేయకుండవలెనని, ఆపదపాలైన స్త్రీకి నేడు దేశమున నేయే యండలు గలవో తెలిసికొని యీ వ్యాసమున బొందుపఱచుచున్నారము. ఇందలి విషయము సుఖమైనది కాదు. అయినను మన వంటయింట నిప్పున్నట్లే మన వీథిలో నీ దుఃఖమును గలదు. నిప్పును గూర్చి తెలిసికొనని యిల్లాలు లేదు గదా.

పూర్వకథల యందు

భారతము చదువుకొన్న మనకీ విషయము క్రొత్తది గాదు. విరాటుని కొలువున సైరంధ్రి జరిగిన కథ తలచుకొనుడు. కీచకుడు వెంటబడగా నామె పరుగెత్తి పోయినది రాజసభకే. అనగా న్యాయస్థానమునకే. అచట రాజున్నాడు, సభ్యులున్నారు. అన్యాయము వారి కన్నుల యెదుటనే జరిగినది. అయినను రాజు బావమఱది మొగము చూచి మిన్నకుండెను. ఆమెకు దెబ్బకంటె నా మౌనమే యెక్కువ నొప్పి కలిగించినదని చదువరులందఱెఱుగుదురు.

దీనికి ప్రతిగా నలోపాఖ్యానమున నింకొక ఘట్టము గలదు. అడవిలో భర్తచే విడువబడిన దమయంతి, మాసిన సగము చీరతో, చెదరిన జుట్టుతో చేదిపురము జొచ్చెను. వీథిలోని పిల్లలు పిచ్చిదని వెంటబడిరి. రాజమాత మేడపై నుండి చూచి, దాదిని బంపి యామెను పైకి రప్పించెను. నీవెవరి దానవు, నీ నడవడి యెట్టిదని గ్రుచ్చి గ్రుచ్చి యడుగలేదు. దమయంతి తాను ఎంగిలి తిననని, కాళ్ళు కడుగనని, పరపురుషులతో మాటలాడనని నియమములు చెప్పగా నవి యన్నియు నొప్పుకొని, తన కూతురు సునందను పిలిచి, ఈమె నీకు సఖి యని యప్పగించెను. ఆశ్రయము కోరిన స్త్రీ తన నియమములను తానే చెప్పుట, ఆశ్రయమిచ్చు స్త్రీ వానిని మన్నించుట! నేడు ప్రభుత్వము వారు ఆర్తస్త్రీలకై నెలకొల్పిన నిలయములకు “సఖి” యని పేరుండుట మాకెంతయో సంతోషకరము. మనము విరాటుని సభవారమా, చేదిరాజమాత వంటివారమా యనునదే యీ వ్యాసమునందలి ప్రశ్న.

నేరస్థుని మీదనే చూపు

బహుకాలము అన్ని దేశములలోను చట్టము చూపు నేరస్థుని మీదనే నిలిచియుండెను. పట్టుట, విచారించుట, శిక్షించుట — ఇంతటితో రాజధర్మము తీఱినట్లు. దెబ్బ తిన్నవారు సాక్షి బోనులో నొకమారు నిలిచి యింటికి పోవలసిన వారే. వారి వైద్యమునకు, తిండికి, భయమునకు బాధ్యులు లేకుండిరి. 1963లో న్యూజీలాండు దేశమున నేరబాధితులకు ప్రభుత్వమే పరిహారమిచ్చు చట్టము పుట్టినది. 1964లో బ్రిటనునందును అట్టి యేర్పాటు జరిగినది. 1985 నవంబరు 29వ తేదీన ఐక్యరాజ్యసమితి బాధితుల హక్కులను గూర్చి ప్రకటన గావించి, వారిని గౌరవముతో, దయతో చూడవలెనని, పరిహారమును సహాయమును బొందుటకు వారు హక్కుదారులని లోకమునకు చాటెను.

మన దేశమున నీ మార్పునకు స్త్రీల కన్నీరే మూలము. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో నొక పేద స్త్రీ చెఱుపబడి, ఆమె భర్త దెబ్బలచే మరణించెను. పట్టణమంతయు నట్టుడికినది. జస్టిస్ ముక్తదర్ గారి విచారణ సంఘము పోలీసువారి దోషమును నిర్ధారించెను గాని, ఆ విచారణలో నా యభాగినియొక్క శీలమునే సందేహించి ప్రశ్నించిన వారును గలరు. 1978లో మహారాష్ట్రమునందలి యొక గిరిజన బాలిక వ్యాజ్యెములో సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టగా, 1979లో నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ఆ తీర్పును ఖండించుచు బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు వీథుల కెక్కిరి. ఫలితముగా 1983లో చట్టము మాఱెను. అట్టి వ్యాజ్యెముల విచారణ మూసిన తలుపుల వెనుక జరుగవలెననియు, బాధితురాలి పేరు ప్రకటించుట నేరమనియు నప్పుడే యేర్పడెను.

మన తెలుగు స్త్రీలలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరిచట స్మరింపదగినది. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిన యా తల్లి 1953లో చైనాదేశమునకు బోయి, అచటి కుటుంబ న్యాయస్థానములను జూచి వచ్చి, మన దేశమునను అట్టివి కావలెనని పట్టుపట్టిరి. ఆమె కోరిక 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టముగా ఫలించినది. 2005లో గృహహింస నుండి స్త్రీలను రక్షించు చట్టము పుట్టినది. 2008 సవరణచే నేర విచారణ స్మృతిలో బాధితుల పరిహారమను క్రొత్త నిబంధన చేరెను. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత యందును ఆ నిబంధన నిలిచియున్నది.

మన చుట్టుపట్ల

దూరపు మాటలు చాలును. మన సీమకే వత్తము. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యను ఆసుపత్రిలో చూపించుకొని వెలుపలికి వచ్చుచున్న యువకుడొకడు ఆమె కన్నుల యెదుటనే నఱకబడెను. కులము వేఱైన పిల్లను వివాహమాడుటయే యాతని తప్పు. చంపించినది పిల్ల కన్నతండ్రియే యని యభియోగము. ఆ తండ్రి 2020లో మరణించెను. తక్కిన నిందితులపై నల్లగొండ న్యాయస్థానము తీర్పు చెప్పినది 2025 మార్చి 10వ తేదీన. ఒకనికి మరణశిక్ష, ఆర్గురికి యావజ్జీవము. అనగా ఆఱేండ్ల ఆఱు మాసములు. ఆ దీర్ఘకాలము ఒక బాలెంత, బిడ్డ నెత్తుకొని, ఊరివారి చూపులను పత్రికలవారి ప్రశ్నలను భరించుచు నిలువవలసి వచ్చినది. దండన పడినది సరియే. ఆ యాఱేండ్లును ఆమెకు తోడెవ్వరు? బాధితులకు సహాయమన్న మాటకు అర్థమిదియే.

2019 ఏప్రిలులో యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలము హాజీపురమున బడినుండి తిరిగి వచ్చుచున్న బాలిక కానరాకపోయెను. పాడుబడిన బావిలో నామె దేహము లభించినది. తరువాత వెదుకగా, అంతకుముందు కానరాకుండ బోయిన మఱి యిద్దఱు బాలికల యవశేషములును బయల్పడెను. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ న్యాయస్థానము నేరస్థునికి మరణశిక్ష విధించెను. శిక్ష చచ్చిన బిడ్డలను తేలేదు గదా! పిల్ల కనబడదన్న నాడే, ఎవరితోనో పోయినదేమో, పదుగురిలో పరువు పోవునేమో యని తర్కించుచు కూర్చుండక, ఆ గడియలోనే ఠాణాకు బోవుట ప్రతి తల్లిదండ్రుల విధి. కానరాని బిడ్డ విషయమున పరువన్న మాటకు తావు లేదు.

అదే 2019వ సంవత్సరము నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారున నొక పశువైద్యురాలు దుండగుల పాలయ్యెను. ఆమె రాలేదని కుటుంబమువారు ఠాణాకు బోగా, ఇది మా హద్దు గాదు, ఆ ఠాణాకు బొండని త్రిప్పి కాలము జరిపిరని యారోపణ వచ్చి, మువ్వురు పోలీసులు పనినుండి తాత్కాలికముగా తొలగింపబడిరి. ఆమె అసలు పేరు జనులు పలుకరాదని “దిశ” యను పేరొకటి పెట్టిరి. అంతకుముందు 2012లో ఢిల్లీ యువతిని “నిర్భయ” యన్నట్లే. ఈ రెండు పేర్ల వెనుక నొక ధర్మము గలదు: బాధితురాలి పేరు ఊరివారి నోట నానుట ఆమెకు రెండవ గాయము.

హద్దులేని ఫిర్యాదు

పై దుఃఖము నుండి మనము నేర్వవలసినది “జీరో ఎఫ్.ఐ.ఆర్.” అను మాట. నేరమెచట జరిగినను, ఏ ఠాణాకు బోయినను ఫిర్యాదు వ్రాసికొని తీఱవలెను; తరువాత వారే దానిని తగిన ఠాణాకు పంపుదురు. హాలియాలో జరిగినదానిని పెద్దవూరలో చెప్పవచ్చును. బస్సులో జరిగినదానిని దిగిన యూర చెప్పవచ్చును. క్రొత్త సంహిత దీనిని స్పష్టముగా చట్టము చేసినది. టెలిఫోను యంత్రము ద్వారా వ్రాసి పంపినను చెల్లును. మూడు దినములలో పోయి సంతకము చేయవలెను. వ్రాసికొన్న దాని ప్రతి రుసుము లేకుండ నిచ్చి తీఱవలెను. తొంబది దినములలోగా దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో బాధితురాలికి తెలుపవలెను. ఠాణావారు వ్రాసికొనమన్నచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు వ్రాతమూలముగా పంపవచ్చును. అప్పటికిని కాదన్నచో మేజిస్ట్రేటు గారిని ఆశ్రయింపవచ్చును. స్త్రీలపై జరిగిన ఘోరనేరములను వ్రాసికొనకుండుట ఆ యుద్యోగికే శిక్షార్హమైన నేరము.

మఱియు నీ క్రింది సంగతులు మన స్త్రీలకు తెలియకుండుటచేతనే ఠాణా యన్న గుండె ఝల్లుమనుచున్నది. మానభంగాది నేరములలో ఫిర్యాదును స్త్రీ యుద్యోగియే వ్రాసికొనవలెను. వాఙ్మూలమును బాధితురాలి యింటనో, ఆమె కోరిన చోటనో, తల్లిదండ్రులో దగ్గఱివారో చెంతనుండగా తీసికొనవలెను. సాక్ష్యము నిమిత్తము స్త్రీని ఇల్లు దాటి రమ్మని బలవంతపెట్టరాదు. న్యాయస్థానమున విచారణ బయటివారు లేకుండ జరుగవలెను.

మొదటి గడియలు

దేహముపై బలాత్కారము జరిగినచో స్త్రీకి కలుగు మొదటి కోరిక స్నానము చేసి మైలను కడిగికొనుట. మనమును తొందరపడి నీళ్ళు కాచి యిత్తుము. ప్రేమతో చేయు ఈ పనియే నేరస్థునికి మేలగును. స్నానము చేయక, బట్టలు ఉతుకక, ఆ బట్టలను ప్లాస్టికు సంచిలో గాక కాగితపు సంచిలో పెట్టి, వెంటనే ఆసుపత్రికి బోవలెను. అయినను ఒకవేళ స్నానము జరిగిపోయినదేని, ఇక లాభము లేదని నిరాశపడి కూర్చుండరాదు. చెప్పవలసిన మాట మిగిలియే యున్నది. గర్భము రాకుండుటకును, హెచ్.ఐ.వి. వంటి వ్యాధి సోకకుండుటకును మందులు గలవు. అవి డెబ్బదిరెండు గంటలలోగా మొదలుపెట్టవలెను. ఎంత త్వరగా నైన నంత మేలు. అందుచే ఠాణాకా ఆసుపత్రికా యని తర్కము వలదు. ముందు ఆసుపత్రికే పోవచ్చును.

ప్రభుత్వాసుపత్రి గాని ప్రైవేటు ఆసుపత్రి గాని అట్టి బాధితురాలికి వెంటనే రుసుము లేకుండ చికిత్స చేయవలెను. చేయకున్న ఏడాది వఱకు శిక్ష గలదు. పరీక్షకు బాధితురాలి సమ్మతి కావలెను. రెండు వ్రేళ్ళ పరీక్షయను నీచపు పద్ధతిని 2013లో సుప్రీంకోర్టు తప్పని చెప్పినది. అది యెవ్వరును చేయరాదు.

ఆసిడు దాడిని గూర్చి ఒక్క మాట. 2008 డిసెంబరులో వరంగల్లున నిద్దఱు విద్యార్థినులపై ఆసిడు పోసిన ఘోరమును, వారిలో నొకతె అసువులు బాయుటను మనము మఱువలేదు. అట్టి సమయమున మంట పడిన చోట నూనె, పసుపు, మజ్జిగ యేదియు పూయరాదు. ధారగా మంచినీరు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ పోయుచునే యుండవలెను. ఆసిడు తగిలిన బట్ట తీసివేయవలెను. పిదపనే ప్రయాణము.

మఱియొక విధమైన నేరము నేడు మన వంటయిండ్లకే వచ్చుచున్నది. టెలిఫోనులో బ్యాంకు వారమని, పోలీసు వారమని బెదరించి, పొదుపు సంఘమున కూడబెట్టిన సొమ్మును లాగివేయుదురు. మోసము తెలిసిన మఱుక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను; ఆ సొమ్ము చేతులు మాఱకమునుపే నిలుపుదల చేయుటకు అవకాశము గలదు. ఇంటివారు తిట్టుదురని రెండు దినములు దాచిపెట్టిన సొమ్ము మరల దొరకుట కష్టము.

అండలెచట గలవు

ఆపద యెదుటనే యున్నపుడు 112. స్త్రీల సహాయమునకు రేయింబవళ్ళు 181. పిల్లలకై 1098. ఉచిత న్యాయసహాయమునకు 15100. దళిత గిరిజనులపై అత్యాచారముల విషయమున 14566. ఈ సంఖ్యలకు ఫోను చేయుటకు చదువక్కఱలేదు, తెలుగుననే చెప్పుకొనవచ్చును.

సఖి కేంద్రములు 2015లో కేంద్ర ప్రభుత్వ పథకముగా మొదలైనవి. మన రాష్ట్రమున జిల్లాకొకటి గలదు. మన వారికి నల్లగొండలో నున్నది. ఒక్క కప్పు క్రింద నైదు సేవలు: వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, మనస్సునకు ధైర్యము చెప్పువారు, తలదాచుకొనుటకు అయిదు దినముల వఱకు వసతి. అటుపిమ్మటను అవసరమైనచో వేఱు నిలయమునకు చేర్చుదురు. 2014 అక్టోబరులో హైదరాబాదున మొదలైన “షీ టీముల” వారు వీథులలోను బస్సు స్థానములలోను ఆకతాయిల పని పట్టుదురు. 2016లో మొదలైన “భరోసా” కేంద్రములు స్త్రీలపైనను చిన్నపిల్లలపైనను జరిగిన నేరములకై యేర్పడినవి. అవియు క్రమముగా జిల్లాలకు వ్యాపించినవి. అచటి గదులు ఠాణావలె నుండవు. బొమ్మలు, రంగులు గలిగి యింటివలె నుండును. ఖాకీ దుస్తులు లేని స్త్రీలు బిడ్డను పలుకరింతురు. చెప్పినదే పదిచోట్ల పదిమారులు బిడ్డచే చెప్పింపకుండుట వారి ముఖ్యోద్దేశము.

పిల్లల విషయమున 2012 నాటి పోక్సో చట్టము మిక్కిలి కట్టుదిట్టమైనది. బిడ్డపై నేరము జరిగినదని తెలిసినవారు — అత్తయైనను, పంతులైనను, వైద్యుడైనను — చెప్పి తీఱవలెను, దాచుట నేరము. బిడ్డను రాత్రివేళ ఠాణాలో నుంచరాదు. న్యాయస్థానమున నిందితుని మొగము బిడ్డకు కనబడకుండ చూడవలెను. విచారణ సాధ్యమైనంతవఱకు ఏడాదిలో ముగింపవలెను. “మామయ్య కదా, తాతయ్య కదా, పోనిమ్ము” అను మాట మన యిండ్లలో వినబడినపుడు మనము బిడ్డ పక్షమున నిలువవలెను గాని బంధుత్వము పక్షమున గాదు.

వకీలు ఖర్చునకు భయపడువారు తెలిసికొనవలసినది: 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, దళిత గిరిజనులకు వకీలు ఉచితము. స్త్రీకి ఎంత ఆదాయమున్నదని అడుగరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నల్లగొండ న్యాయస్థానమునందే కలదు. గృహహింస చట్టము క్రింద నర్జీ పెట్టుకొన్న స్త్రీని భర్త యింటినుండి వెళ్ళగొట్టరాదు. ఇల్లు ఎవరి పేరనున్నను అందుండు హక్కామెకు గలదు. అర్జీ పెట్టిన మూడు దినములలో మొదటి వాయిదా, అరువది దినములలో ముగింపు కావలెనని చట్టము. న్యాయస్థానము వారి రక్షణాజ్ఞను మీఱినచో ఏడాది వఱకు చెఱ.

పరిహారమును గూర్చి మన స్త్రీలు మాటలాడుటకే సిగ్గుపడుదురు. “మానమునకు వెల కట్టుకొందునా” యందురు. సోదరీమణులారా! అది మానమునకు వెల గాదు. వైద్యమునకు, పోయిన కూలికి, బిడ్డల చదువునకు, ఊరు మాఱుటకు కావలసిన ఖర్చు. 2018 నుండి జాతీయ న్యాయసేవా సంస్థవారి పథకము ప్రకారము మానభంగమునకు 4 లక్షల నుండి 7 లక్షల రూపాయల వఱకు, పలువురు కలిసి చేసినదానికి 5 నుండి 10 లక్షల వఱకు, ఆసిడుచే ముఖము వికృతమైనచో 7 నుండి 8 లక్షల వఱకు నిర్ణయింపబడినది. అర్జీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పెట్టవలెను. శిక్ష పడువఱకు వేచియుండనక్కఱలేదు. నేరస్థుడెవరో తెలియకపోయినను అర్హత గలదు. అత్యవసరమునకు ముందుగా కొంత మొత్తమును ఇయ్యవచ్చును. దళిత గిరిజనులు హత్యకు గురియైనచో 2016 నాటి నియమముల ప్రకారము కుటుంబమునకు 8 లక్షల 25 వేల రూపాయలు. అందు సగము శవపరీక్ష తరువాతను, సగము అభియోగపత్రము న్యాయస్థానమునకు చేరినపుడును ఇయ్యవలెను.

సాక్ష్యము చెప్పిన బ్రతుకనీయరను భయము సహజమే. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించినది. బెదరింపులున్నచో రక్షణకై అర్జీ పెట్టుకొనవచ్చును.

పొరుగింటివారి ధర్మము

ఇన్ని చట్టములున్నను మొదటి ఆశ్రయము ఠాణా కాదు, సఖి కాదు, పొరుగింటి గడప. మన పల్లెలలో దెబ్బలు తిన్న స్త్రీ నల్లగొండ బస్సెక్కుటకు ముందు పదిమారులు పొరుగువారి ముఖము చూచును. ఆ ముఖమున నేమి కనిపించునో దానినిబట్టి యామె బ్రతుకు తిరుగును.

కావున మేము నేర్చుకొన్న కొన్ని మాటలు చెప్పెదము. “ఆ వేళ నీవచటికేల పోతివి?” “నీవేమంటివో, లేనియెడల నూరక కొట్టునా?” “ఎవరికిని చెప్పకుము” — ఈ మూడును మన నోటరాకూడదు. మొదటిది నేరమును ఆమె మీదికి మఱల్చును. రెండవది కొట్టిన చేతికి కారణము సమకూర్చును. మూడవది ఆమెను ఒంటరిని చేయును. అనవలసినవియు మూడే: “నీ మాట నమ్ముచున్నాము.” “నీ తప్పు గాదు.” “నీవేమి చేయదలచితివో చెప్పుము, మేము తోడు వత్తుము.” మూడవ మాటలో “నీవేమి చేయదలచితివో” అనునదే ముఖ్యము. దమయంతి నియమములను రాజమాత మన్నించినట్లు, నిర్ణయము ఆమెకే విడువవలెను. ఆమె నేడే ఠాణాకు రాదలపనిచో కోపింపరాదు. తేదీ, వేళ, ఎచట దెబ్బ తగిలినదో ఒక కాగితముపై వ్రాసిపెట్టి యుంచుట, వైద్యుని చీటి దాచుట, ఆమె ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లల బడి కాగితములు ప్రతులు తీసి భద్రపఱచుట — ఇవి చడిలేని సహాయములు; రేపు వ్యాజ్యెమున కొండంత బలము. బిడ్డలపై నేరమైనపుడు మాత్రము వేచియుండరాదు. అచట చట్టమే చెప్పుమనుచున్నది.

వాయిదాలకు తోడు పోవుటయు గొప్ప పుణ్యము. నల్లగొండ న్యాయస్థానపు వసారాలో నిందితుని చుట్టములు పదిమంది నిలిచి గ్రుడ్లురుముచుండగా బాధితురాలు ఒంటరిగా కూర్చుండు దృశ్యమెంత దైన్యమైనది! ఆమె ప్రక్కన నొక యన్నపు గిన్నె పట్టుకొని పొరుగింటి యమ్మ కూర్చున్నచో సాక్ష్యము చెప్పు గొంతు వణకదు.

మఱియు, విన్నదానిని వీథిలో నెమరువేయరాదు. బాధితురాలి పేరు, ఊరు, ఫొటో టెలిఫోనులలో త్రిప్పుట చట్టము దృష్టిలో నేరము. ధర్మము దృష్టిలో నంతకంటెను పాపము.

కడపటి మాట

మొదట చెప్పిన యిల్లాలి కథ చెప్పకయే ముగించిన మీరూరకుండరు. సంతలో నామె మాట విన్న దినముననే మేము క్షమాపణ చెప్పుకొంటిమి. పుట్టినింటనుండగా నామెను 181 సంఖ్యకు ఫోను చేయుమని చెప్పినది ఆమె చిన్నాటి నేస్తమట. సఖి కేంద్రమువారు తోడు నిలిచి అర్జీ పెట్టించిరి, రక్షణాజ్ఞ వచ్చెను, పిల్లలకు పోషణము నిర్ణయమయ్యెను. అన్నియు సవ్యముగా జరిగెనని చెప్పలేము. వాయిదాలు సాగినవి, పోషణపు సొమ్ము కొన్ని నెలలు రాలేదు, అత్తవారి వీథిలో మాటలు పడినది. అయినను నేడామె కుట్టుపని చేసికొని, పిల్లలను చదివించుకొనుచు తల యెత్తి తిరుగుచున్నది. ఆమె పేరు గాని, నేడున్న యూరు గాని మేము చెప్పము. ఎందులకో పైన చదివితిరి.

ఆమె నేస్తము చేసినది ఒక్క ఫోను సంఖ్య చెప్పుటయే. అది మేమును చేయగలిగినదే; తెలియక చేయలేదు. ఇప్పుడు తెలిసినది గనుక, మా వంటయింటి గోడపై పాలలెక్క కాగితము ప్రక్కనే ఆ సంఖ్యలు పెద్ద యక్షరములతో వ్రాసి యంటించితిమి. బడి తల్లుల సమావేశమునకు వచ్చువారు, కూరగాయలమ్మ, బట్టలుతుకు నామె, అందఱును చూచుచున్నారు. కొందఱు ఇదేమని యడుగుదురు; చెప్పుచున్నారము. కొందఱడుగరు; చూచి, రెండవమారు చూచి, చెంగున దాచుకొన్న ఫోనులో మెల్లగా వ్రాసికొని పోవుదురు. వారిని మేమేమియు నడుగము, మంచినీళ్ళిచ్చి కూర్చుండుమందుము.

సోదరీమణులారా! మీరును ఆ చిన్నకాగితము నేడే యంటింపుడు. సాయంకాలము మీ వసారా మెట్టుపై నెవరైన వచ్చి కూర్చుండి పసుపడిగినచో, పసుపుతోబాటు ఆ యొక్క మాటయు నిండు.